గూఢచారి పిల్లలు ఏం కనిపెట్టారు?

దసరా సెలవులకి శ్రీకాకుళం నుంచి మా అక్క కొడుకు విజయనగరం వచ్చాడు. వాడు ఆరో తరగతి, మా అమ్మాయి నాలుగు. ఆ రోజు పొద్దున్నుంచీ వాన, పెద్ద చెరువు దాకా తీసుకెళ్తానన్న మాట నిలబెట్టుకోలేకపోయాను, అందుకని దానికి బదులుగా సినిమా చూపిస్తానన్నాను. పిల్లలు గూఢచారులుగా మారి అమ్మానాన్నల్ని కాపాడే సినిమా అనగానే ఇద్దరూ దుప్పటి తెచ్చుకుని టీవీ ముందు సర్దుకున్నారు. మా ఆవిడ జంతికలు పోసింది. నేను కూడా నిజంగానే ఆశపడి కూర్చున్నాను, ఎందుకంటే ఇరవయ్యేళ్ళ కిందట ఇదే వరసలో మొదటి సినిమాని వీసీడీ అద్దెకి తెచ్చుకుని చూసి ఇష్టపడ్డవాణ్ణి.

చూసింది 'స్పై కిడ్స్: ఆర్మగెడాన్'. 2023 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. తీసినాయన రాబర్ట్ రోడ్రిగెజ్, 2001లో మొదటిది తీసింది కూడా ఆయనే, ఈసారి కథ రాయడంలో రేసర్ అనే ఆయన కొడుకు కూడా చెయ్యి కలిపాడు. ముప్పావు గంట గడిచేసరికి మా మేనల్లుడు జంతికల గిన్నెలో అడుగున మిగిలిన ముక్కలు ఏరుకుంటున్నాడు, మా అమ్మాయి కిటికీ దగ్గరికెళ్ళి వాన తగ్గిందేమో చూస్తోంది. పిల్లలు మంచివాళ్ళు, బాగోలేదని ముఖం మీద చెప్పరు. చివర్లో మాత్రం మేనల్లుడు ఒక మాటన్నాడు.

"వీళ్ళు స్పైలేటి మావయ్యా, గేమ్ ఆడతన్నారు అంతే."

ఆ ఒక్క మాట నన్ను వారం రోజులు వదల్లేదు. ఇదంతా రాయడానికి కారణం అదే.

కథ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. టోనీ, ప్యాటీ అన్నాచెల్లెళ్ళు. అమ్మానాన్నలు గూఢచారులు, ఆ విషయం పిల్లలకి తెలీదు. ఇంట్లో ఫోన్లూ గేములూ కట్టడి. పిల్లలు చాటుగా ఒక వీడియో గేమ్ ఎక్కించుకుంటారు, దాని వల్ల ఆ గేమ్ తయారు చేసినవాడి చేతికి ఒక ప్రమాదకరమైన కోడ్ చిక్కుతుంది, దాంతో వాడు లోకంలోని యంత్రాలన్నిటినీ తన గుప్పిట్లోకి తెచ్చుకుంటాడు. అమ్మానాన్నలు పట్టుబడతారు. పిల్లలు వెళ్ళి విడిపించాలి.

ఇందులో తప్పేముంది, కథ బానే ఉంది కదా అంటారా? నాకూ అలాగే అనిపించింది. పైగా దీంట్లో ఒక బంగారం లాంటి ప్రశ్న దాక్కుని ఉంది. చెల్లెలు అబద్ధం ఆడదు, అన్న ఆటలో మోసం చేస్తాడు. అమ్మానాన్నలేమో నిజాయితీగా ఉండండి అని పిల్లలకి చెబుతూ, తామే బతుకంతా అబద్ధం మీద నడుపుతుంటారు. ఏం పని చేస్తారో చెప్పరు, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పరు. పిల్లలకి ఈ సంగతి తెలిసిన రోజున ఏమవ్వాలి? నా కూతురికి నా గురించి అలాంటిదేదైనా తెలిస్తే అది నా ముఖం చూస్తుందా? పిల్లలు ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్నకి బరువుంటుంది. సినిమా దాన్ని పైకి తీస్తుంది, మనకి చూపిస్తుంది, అంతలోనే రోబోలొచ్చి పడతాయి, తర్వాత ఎప్పుడో నిజాయితీ మంచిదని మాటల్లో చెప్పి వదిలేస్తుంది. నాకు కోపం వచ్చింది అక్కడ. గ్రాఫిక్స్ నాసిగా ఉన్నాయని నా ఫిర్యాదు కాదు. 2001 నాటి సినిమాలో బొటనవేళ్ళే ఒళ్ళంతా అయిన బొమ్మ మనుషులు తిరిగారు, అవేం నాజూగ్గా లేవు, అయినా మేం నోరు తెరుచుకుని చూశాం.

ఆ మొదటి సినిమాలో ఏముందో గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు తల్లి పిల్లలకి ఒక కథ చెబుతుంది, శత్రు దేశాల గూఢచారులు ఇద్దరు ఒకరినొకరు చంపడానికి బయల్దేరి ప్రేమలో పడ్డ కథ. అది తమ ఇంటి కథే అని పిల్లలకి తెలీదు. ఆ ఒక్క సన్నివేశంతో ఇల్లంతా రహస్యంతో నిండిపోతుంది. కుర్రాడు జూనీకి చేతుల మీద పులిపిర్లు, అరచేతుల్లో చెమట, బడిలో వెక్కిరింపులు. అక్క కార్మెన్ తన పొడుగాటి పూర్తి పేరు అప్పజెబితే గానీ రహస్యపు ఇంటి తలుపు తెరుచుకోదు. తండ్రికి ఒక అన్న ఉన్నాడు, ఎన్నేళ్ళుగానో మాటల్లేవు, చివరికి పిల్లలే ఆ పెదనాన్న గడప తొక్కాల్సి వస్తుంది. గాడ్జెట్లు అందులోనూ బోలెడున్నాయి, కానీ వాటి కింద ఒక కుటుంబం ఉంది. మూడున్నర కోట్ల డాలర్లతో తీస్తే పద్నాలుగు కోట్ల పైన వచ్చిందంటే జనం ఊరికే ఎగబడలేదు.

అసలు ఈ రోడ్రిగెజ్ అనే ఆయన 1992లో తన మొదటి పెద్ద సినిమాని ఏడు వేల డాలర్లతో తీశాడు. కెమెరా ఆయనే, ఎడిటింగ్ ఆయనే. ఆ డబ్బులో కొంత కోసం ఒక మందుల ప్రయోగానికి ఒళ్ళిచ్చి, అక్కడ పడుకుని కథ రాసుకున్నాడు. చేతిలో ఏమీ లేనప్పుడు కంటిని నమ్ముకున్న మనిషి. అలాంటాయన పిల్లల సినిమాకొచ్చేసరికి ఏటేటా సామాను పెంచుకుంటూ పోయాడు. 2003లో వచ్చిన మూడోదానికి త్రీడీలో చూడటానికి ఎరుపు నీలం కాగితపు కళ్ళజోళ్ళు ఇచ్చారు, అది చాలావరకు వీడియో గేమ్ లోపల జరిగే కథ. 2011లో వచ్చిన నాలుగోదానికి వాసన అట్టలు పంచారు. అట్ట మీద 1 నుంచి 8 దాకా అంకెలు, తెర మీద అంకె కనపడగానే దాన్ని రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోవాలి. కళ్ళజోడు, వాసన అట్ట, ఇప్పుడు మళ్ళీ గేమ్. ఒక్కోసారి ఒక్కో వస్తువు తెచ్చి పిల్లల చేతిలో పెడుతున్నారు, పిల్లలు చేయాల్సిన అసలు పనిని మాత్రం వాళ్ళ దగ్గర్నుంచి లాగేసుకుంటున్నారు.

గూఢచారి అసలు పని చూడటం. చూసింది కడుపులో దాచుకోవడం.

పిల్లలకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీస్ అని చీటీలు రాసి మడిచి విసిరే ఆట ఉంది కదా, ఆ ఆటలో పోలీస్ చీటీ వచ్చినవాడు ఏం చేస్తాడు? ఎవరి పెదవి వణికింది, ఎవడు అనవసరంగా నవ్వుతున్నాడు, ఎవడు చీటీని రెండోసారి మడిచాడు అని చూస్తాడు. మా అమ్మాయి ఏడో ఏటికే ఇందులో ఆరితేరింది, దాని ముందు దొంగ చీటీ పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. ఆ పిల్ల ముందు ఈ సినిమా పెడితే దానికి చెయ్యడానికి పనేముంది? ఏ తలుపు ఎలా తీయాలో యంత్రమే చెబుతుంది. ఎవడు ఎక్కడున్నాడో చేతి గడియారం చూపిస్తుంది. సినిమా అయ్యాక ఇద్దర్నీ అడిగాను, ఆ అన్నాచెల్లెళ్ళు తమంతట తాము కనిపెట్టిన సంగతి ఒక్కటి చెప్పండర్రా అని. చాలాసేపు ఆలోచించారు. ఇద్దరికీ ఏదీ గుర్తు రాలేదు.

గూఢచారి పిల్లవాడి కథ మన ఊరికి కొత్త కాదని కూడా చెప్పాలి. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో గురజాడ వారి ఇల్లు ఉంది. 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో ఈ విజయనగరంలోనే, అచ్చయింది 1897లో, ఆయన తిరగరాసి మళ్ళీ వేసింది 1909లో. అందరూ గిరీశం గురించీ మధురవాణి గురించీ మాట్లాడతారు, నాకు మాత్రం ఎప్పుడూ కరటక శాస్త్రి శిష్యుడే కళ్ళ ముందు మెదులుతాడు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని డబ్బుకి లుబ్ధావధాన్లనే ముసలాయనకి కట్టబెట్టబోతే, దాన్ని ఆపడానికి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ఆ ముసలాయన ఇంటికే పెళ్ళికూతురుగా పంపిస్తాడు. ఒక కుర్రాడు, పక్కన ఎవరూ లేకుండా, పరాయి ఇంట్లో, పరాయి పేరుతో, రాత్రీ పగలూ ఆడపిల్లగా మసలాలి. గొంతు మారకూడదు, నడక మారకూడదు. పెళ్ళి జరిగాక వాడు తప్పించుకుంటాడు. కథ అక్కడితో అయిపోదు. పెళ్ళికూతురు కనపడటం లేదంటే చంపేసి ఉంటాడని లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు వచ్చి పడుతుంది. ఒక పసిపిల్ల గొంతు కోయకుండా ఆపిన అబద్ధం, ఇంకో మనిషి మెడకి ఉరితాడై చుట్టుకోబోతుంది. నవ్వించే నాటకమే, కానీ అబద్ధానికి ఖరీదు కట్టి చూపించింది. నూట ముప్పై ఏళ్ళ కిందట, ఒక్క గాడ్జెట్ లేకుండా.

ఇది పెద్దవాళ్ళ నాటకం, పిల్లల సినిమాతో పోల్చకూడదని మా ఆవిడ అంది. పిల్లలు నవ్వుకుంటే చాలదా, అంత పట్టింపు ఎందుకు అని కూడా అంది. తన మాటలో న్యాయం ఉంది, వాన రోజున గంటన్నర గడిస్తే చాలనుకునే ఇంట్లోనే నేనూ ఉన్నాను. కానీ పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు పిల్లలే కదా అని పురుగు బియ్యం వండం. పెద్దవాళ్ళ కన్నా వాళ్ళకే మంచిది పెడతాం. కథ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క ఎందుకు తిరగబడుతోంది? పిల్లలకి లోతైన సంగతి అర్థం కాదని ఎవరు చెప్పారు? నాకు తొమ్మిదేళ్ళప్పుడు అర్థమైంది. ఎలాగో చెబుతాను.

రాజాం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. దసరా సెలవులకి అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఆ రోజుల్లో అక్కడ గోగు బాగా వేసేవారు, కోసి కట్టలు కట్టి చెరువులో నానబెట్టేవారు, నాని కుళ్ళిన ఆ గోగు వాసన ఊరంతా కమ్ముకునేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు మాత్రం సెలవుల వాసన అదే, ఇప్పటికీ ఎక్కడైనా ముక్కుకి సోకితే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఏ అట్టా రుద్దక్కర్లేదు.

ఒక సాయంత్రం అమ్మమ్మ నన్నూ మా పెద్దమ్మ కొడుకునీ పెరట్లోకి పిలిచింది. అన్నయ్యకి పన్నెండేళ్ళు. అమ్మమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని, మాట్లాడాల్సినప్పుడు బయటికి తీసేది.

"మీ తాత సందేల ఎటెల్తన్నాడో సూసి రండ్రా. నాను పంపీనానని సెప్పకండి."

మా గుండెలు ఎంత కొట్టుకున్నాయో. మర్నాడు పొద్దున్నుంచీ తాతయ్య మీద కన్నేశాం. మొదట కనిపెట్టింది అన్నయ్యే. తాతయ్య దస్తావేజులు చదవడానికి తప్ప కళ్ళజోడు పెట్టేవాడు కాదు. సాయంత్రం పొలం గట్టు మీద అలా తిరిగొస్తానని బయల్దేరేటప్పుడు మాత్రం కళ్ళజోడు డబ్బా బొడ్లో దోపుకుంటున్నాడు. షికారుకి వెళ్ళే మనిషికి కళ్ళజోడు ఎందుకు? అని అన్నయ్య నా చెవిలో అన్నాడు. తర్వాత నాకూ ఒకటి దొరికింది. రాత్రి అన్నం కలుపుతున్నప్పుడు తాతయ్య చూపుడు వేలికి నీలం సిరా మరక. ఈ రెండూ కలిపి చాపలో పడుకుని ఎంతసేపు గుసగుసలాడుకున్నామో చెప్పలేను. ఆ తర్వాత జీవితంలో నేను చాలా కనిపెట్టాననుకున్నాను గానీ, ఆ సిరా మరక అంత గొప్పది మళ్ళీ దొరకలేదు.

మర్నాడు చెరువు గట్టు వెంబడి దూరంగా నడిచాం. తాతయ్య వెనక్కి తిరిగితే ఈత తుప్పల చాటున కూర్చునేవాళ్ళం. చెరువు అవతల మామిడి తోట, అందులో ఒక పాక. పక్కనే ఆరబెట్టిన గోగు కట్టలు నిలబెట్టి ఉన్నాయి, వాటి వెనక నక్కాం. పాక ముందు మంచం మీద కూర్చున్నది ఎవరంటే, మా చినతాత. తాతయ్యకి సొంత తమ్ముడు. గట్టు తగాదాలో రెండిళ్ళకీ మాటలు పోయి చాలా ఏళ్ళైంది, ఎంతలా అంటే చినతాత ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సొస్తే మమ్మల్ని చుట్టూ తిరిగి రమ్మనేవారు. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు. అమ్మమ్మకి ఆ ఇంటి పేరెత్తితే పడేది కాదు.

తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని ఒక నీలం రంగు ఇన్‌లాండ్ కవరు చదువుతున్నాడు. మా ప్రాంతం నుంచి చాలామంది కలకత్తా జూట్ మిల్లుల్లో పనికి వెళ్ళేవారు, చినతాత కొడుకు కూడా వెళ్ళాడు. చినతాతకి చదువు రాదు. ఊళ్ళో ఎవరి చేతనైనా చదివిస్తే ఇంటి గుట్టు వీధిన పడుతుందని భయం కాబోలు. వైరం ఎంతున్నా, చదివి పెట్టడానికి ఆయన నమ్మిన మనిషి అన్నే. తాతయ్య ఒక వాక్యం చదివి ఆగేవాడు, చినతాత తల ఊపేవాడు. రెండోసారి చదవమన్న చోట తాతయ్య విసుక్కోకుండా చదివాడు. తర్వాత జవాబు రాశాడు. అదంతా అయ్యాక ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. చెరువు వైపు చూస్తూ కూర్చున్నారు. చీకటి పడ్డాక తాతయ్య లేచి వచ్చేశాడు.

మేం వేరే దారిన పరుగెత్తి ముందే ఇల్లు చేరాం. అమ్మమ్మ పొయ్యి దగ్గరుంది. నోట్లోంచి చుట్ట తీసి మా వైపు చూసింది.

"తోటలో కూర్చుంటన్నాడు అమ్మమ్మా. గాలికి," అన్నాడు అన్నయ్య.

"ఒక్కడేనేటి?"

"ఒక్కడే."

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అన్నయ్య, నేను ముందుగా అనుకుని చెప్పిన అబద్ధం కాదది. దారిలో ఆ ఊసే ఎత్తలేదు. కానీ వాడు ఒక్కడే అనగానే నాకు ఊపిరి ఆడింది, ఆ వెంటనే అమ్మమ్మ ముఖం చూసి కడుపులో ఏదో తిప్పింది కూడా. మమ్మల్ని నమ్మి పంపింది కదా ఆవిడ. ఆ రాత్రి ఆవిడే నాకు అన్నంలో నెయ్యి వేస్తే మింగుడు పడలేదు.

తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇదంతా అర్థమైంది. ఎవరి పక్షాన ఉన్నానో తేలకపోవడం అర్థమైంది. నిజం చెబితే ఇద్దరు ముసలివాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క సాయంత్రపు వేళ పోతుందనీ, చెప్పకపోతే అమ్మమ్మని మోసం చేసినట్టేననీ అర్థమైంది. అలా పొంచి చూసిన పిల్లలు ఇళ్ళల్లో ఎందరో ఉంటారు. పెద్దవాళ్ళు ఏం దాస్తున్నారో పిల్లలకి సగం తెలుసు, ఆ సగాన్ని మోస్తూ తిరుగుతుంటారు. ఆ బరువు గురించి ఒక్క సన్నివేశం తీసినా నేను ఈ సినిమాని నెత్తిన పెట్టుకునేవాణ్ణి. మొదటిదాంట్లో మాటల్లేని అన్నదమ్ముల్ని పిల్లల చేత కలిపించిన దర్శకుడికి ఇది తెలియక కాదు. అందుకే బాధ.

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అమ్మమ్మ లేదు, తాతయ్యలిద్దరూ లేరు. సినిమా చూసిన రాత్రి కరెంటు పోయింది, పిల్లలిద్దరూ నా పక్కనే పడుకున్నారు, మొదటిసారి వాళ్ళకి చెప్పాను. ఈసారి ఎవరూ కిటికీ వైపు చూడలేదు. సిరా మరక దగ్గర మేనల్లుడు లేచి కూర్చున్నాడు, జవాబు తనే ముందు చెప్పాలని "ఉండు మావయ్యా, ఉండు, నాను చెప్తాను" అని ఆపాడు కూడా.

అంతా అయ్యాక మా అమ్మాయి అడిగింది, "మరి పెద్ద అమ్మమ్మకి అబద్ధం చెప్పడం తప్పు కదా నాన్నా?"

తప్పు కాదన్నాడు మేనల్లుడు, చెప్పుంటే తాతలిద్దరూ మళ్ళీ కలుసుకునేవాళ్ళు కాదన్నాడు. అదెలా చెప్పగలవు, పెద్ద అమ్మమ్మకి ఉత్తరాల సంగతి చెప్పుంటే ఆవిడే జాలిపడి చినతాతని ఇంటికి పిలిచేదేమో, మీరు ఆవిడకి ఆ ఛాన్స్ ఇవ్వలేదు కదా అంది మా అమ్మాయి. ముప్పై ఏళ్ళలో నాకు ఈ మాట తట్టలేదు. మేనల్లుడు ఒప్పుకోలేదు. పిలవకపోతేనో అన్నాడు. పిలిస్తేనో అని ఇది. నన్ను తేల్చమన్నారు, నాకు తెలీదన్నాను, నిజంగానే తెలీదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలెట్టాక కూడా వాళ్ళిద్దరూ చీకట్లో వాదించుకుంటూనే ఉన్నారు.